చెయ్యి బాగుచేయుట వైద్యుని పని, చేతికి పని ఇచ్చుట మన పని



నూలు ధరను గూర్చి, మజూరీని గూర్చి, రిబేటు బకాయిలను గూర్చి ఈ పత్రికలో తరచుగా వ్రాస్తూ ఉంటాము. ఈసారి వేరొక సంగతి మనవి చేయదలచినాము. ఇది కూడా మగ్గానికి సంబంధించినదే. ఒక ఇంట్లో మగ్గం ఆగిపోవడానికి నూలు అందకపోవడం, సరుకు అమ్ముడుపోకపోవడం మాత్రమే కారణాలు కావు. ఆ ఇంట్లో ఒకరికి ఫలానా జబ్బు ఉన్నదట అని వీధిలో పొక్కడం కూడా కారణమవుతున్నది. ఆ జబ్బు పేరు హెచ్.ఐ.వి. ఆ పేరు పలకడానికే మనవారు గొంతు తగ్గిస్తారు. గొంతు తగ్గించి చెప్పుకొనే మాటే ఊరంతా పాకుతుంది.

మన దేశంలో నేడు సుమారు 25 లక్షలమంది ఈ వైరసుతో జీవిస్తున్నారు. వారందరూ ఎక్కడో పట్టణాలలో ఉన్నారని, మన వీధులలో లేరని అనుకోవడం భ్రమ. మందు ఉన్నది, అది ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరుకుతున్నది. అయినప్పటికీ కొన్ని కుటుంబాలు చితికిపోతున్నాయంటే, దానికి కారణం జబ్బు కంటె చుట్టూ ఉన్నవారి భయమే ఎక్కువ అని చెప్పక తప్పదు.

మన జిల్లా నేర్చిన పాఠం

ఈ విషయంలో రాయవేలూరికి ఒక చరిత్ర ఉన్నది. 1900లో ఐడా స్కడర్ దొరసాని ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యశాలే నేడు దేశమంతటా పేరుగాంచిన సి.ఎం.సి. ఆసుపత్రి. 1946లో అక్కడికి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠరోగుల చేతులను శ్రద్ధగా పరిశీలించినారు. ఆ రోజులలో కుష్ఠు వలన వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని లోకమంతా నమ్మేది. అది నిజం కాదని ఆయన చూపించినారు. రోగం నరాలను దెబ్బతీసి స్పర్శజ్ఞానాన్ని పోగొడుతుంది. అందువలన కాలినా, తెగినా రోగికి తెలియదు. తెలియని గాయాల మీద గాయాలు పడి వేళ్లు పాడవుతాయి. ఈ సంగతి గ్రహించి, 1948 మొదలు మెలిపడిన వేళ్లకు శస్త్రచికిత్స చేసి వాటిని తిరిగి పనికి వచ్చేటట్లు చేసినారు. 1955లో కరిగిరిలో ఈ రోగం కొరకే ప్రత్యేకంగా ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వెలసినవి. కరిగిరి వారు గుడియాత్తం తాలూకా గ్రామాలలో తిరిగి రోగులను గుర్తించి మందులిచ్చిన కాలం మన పెద్దలకు గుర్తే.

ఐతే ఇక్కడ మనం గమనించవలసిన ముచ్చట ఒకటి ఉన్నది. చేతులు బాగుపడి ఇంటికి పోయినవారిలో కొందరు మళ్లీ బ్రాండ్ గారి దగ్గరకు వచ్చి మొరపెట్టుకొన్నారు. మునుపు మెలితిరిగిన చేతులు చాపితే జాలిపడి నాలుగు కానులు వేసేవారట. ఇప్పుడు చేతులు చక్కబడినవి గనుక భిక్షం పుట్టదు. కుష్ఠు వచ్చినవాడని తెలుసు గనుక పని ఇచ్చేవారూ లేరు. అంటే వైద్యుడు చేతిని బాగుచేసినా లోకం ఆ చేతికి పని ఇవ్వలేదు. దానితో 1951లో రాయవేలూరిలోనే అట్టివారికి వడ్రంగం మొదలైన చేతిపనులు నేర్పే నవజీవన కేంద్రం పెట్టవలసి వచ్చినది. చెయ్యి బాగుచేయుట వైద్యుని పని, చేతికి పని ఇచ్చుట తోటివారి పని. ఈ రెండవది జరగనిదే మొదటిది సగమే.

నేడు కుష్ఠు 6 నెలలు లేదా 12 నెలల మందుతో పూర్తిగా నయమవుతున్నది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని 2016లో రద్దుచేసినారు. కుష్ఠును కారణంగా చూపి విడాకులు కోరడానికి వీలు కల్పించిన నిబంధనలను 2019లో తీసివేసినారు. భయం పోవడానికి మందు కనిపెట్టిన తరువాత కూడా ఇన్ని దశాబ్దాలు పట్టినవి. హెచ్.ఐ.వి. విషయంలో అంత కాలం మనం తీసుకోరాదు.

కాట్పాడికి వచ్చిన ఐసుపెట్టె

భారతదేశంలో హెచ్.ఐ.వి. ఉన్నదని మొట్టమొదట తేలినది కూడా మన రాయవేలూరిలోనే. అప్పటికి ఇది విదేశాల జబ్బని, మన దేశంలోకి రాదని పెద్దపెద్దవారే అనేవారు. మద్రాసు మెడికల్ కాలేజీ ప్రొఫెసరు డాక్టరు సునీతి సోలమన్ తమ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల గారిని ఈ విషయం పరిశోధించమన్నారు. నిర్మల గారు మద్రాసులో ప్రభుత్వ సంరక్షణ గృహంలో ఉంచబడిన స్త్రీల రక్తపు నమూనాలు సేకరించినారు. భద్రపరచడానికి వేరే సదుపాయం లేక తమ ఇంటి ఫ్రిజ్‌లోనే పెట్టుకొన్నారు. మద్రాసులో పరీక్ష చేసే సాధనం లేదు. 1986 ఫిబ్రవరిలో భర్తతో కలిసి నమూనాలను ఐసుపెట్టెలో పెట్టుకొని రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి సి.ఎం.సి.కి తెచ్చినారు. అక్కడ డాక్టరు జేకబ్ జాన్ గారి ప్రయోగశాలలో పరీక్షించగా ఆరు నమూనాలలో వైరసు జాడ కనిపించినది. అమెరికాలో మళ్లీ పరీక్షింపగా అదే తేలినది.

ఆ నాటినుండి భయం దేశమంతా వ్యాపించినది. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేయగా హెచ్.ఐ.వి. ఉన్నదని తేలినది. పోలీసులు ఆయనను పట్టుకొనిపోయి రెండు నెలలకు పైగా ఒంటరిగా నిర్బంధించినారు. ఆయన చేసిన నేరమేమి? ఇతరులకు రక్తం ఇవ్వబోవడమే. డాక్టరు సోలమన్ మాత్రం భయపడి వెనుకాడలేదు. 1993లో చెన్నైలో ఈ రోగుల సంరక్షణకు ఒక సంస్థను స్థాపించి, 2015లో కీర్తిశేషులయ్యేవరకు వారి మధ్యనే పనిచేసినారు.

ఏది నిజం, ఏది భయం

హెచ్.ఐ.వి. వచ్చే దారులు నాలుగే. రక్షణ లేని లైంగిక సంబంధం ఒకటి. వైరసు ఉన్న రక్తం ఎక్కించుకోవడం రెండవది. ఒకరు వాడిన సూదిని మరొకరు వాడడం మూడవది. తల్లినుండి గర్భంలోగాని, కాన్పులోగాని, చనుబాల ద్వారాగాని బిడ్డకు సోకడం నాలుగవది. ఐదవ దారి లేదు.

మన వృత్తిలో ఎదురయ్యే సందేహాలనే తీసుకొందాము. ఒకే గుంత మగ్గంలో ఒకరి తరువాత ఒకరు కూర్చుంటే జబ్బు రాదు. ఒకరు చుట్టిన కండెను మరొకరు నాడెలో పెట్టుకొంటే రాదు. ఒకే కుండలోని గంజి పట్టిస్తే రాదు. చెమట పట్టిన చేతితో పట్టిన పడుగు వలన రాదు. వారు నేసిన లుంగీ కట్టుకొంటే రాదు. పన్నెకు వేలు తెగి గుడ్డమీద పడి ఎండిన మరక వలన రాదు. ఒకే గ్లాసులో టీ త్రాగినా, ఒకే పంక్తిలో భోంచేసినా, దోమ కుట్టినా రాదు.

నాడె కంటిలోనుండి దారాన్ని నోటితో పీల్చి లాగే అలవాటు కొందరికి కలదు. ఎంగిలి వలన హెచ్.ఐ.వి. రాదు గనుక ఆ భయం అక్కరలేదు. ఐతే దగ్గు, జలుబు మొదలైనవాటి దృష్ట్యా ఎవరి నాడెనైనా నోటితో పీల్చడం మాని సన్నని కొక్కెంతో లాగడమే మంచిది. ఇది అందరి నాడెలకూ వర్తించే నియమం. ఒక్కరి నాడెను వేరుచేసి పెట్టడానికి సాకు కారాదు.

ఇక మందు సంగతి. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వాసుపత్రులలోని ఏ.ఆర్.టి. కేంద్రాలలో మందు ఉచితంగా ఇవ్వడం ప్రారంభమైనది. 2017 నుండి జబ్బు ముదిరేవరకు ఆగకుండా, పరీక్షలో తేలిన ప్రతివారికీ వెంటనే మందు మొదలుపెడుతున్నారు. పెద్దవారిలో చాలామందికి ఇప్పుడు రోజుకు ఒక్క మాత్ర చాలు. ఈ మందు వైరసును పూర్తిగా తుడిచిపెట్టదు, అణచి ఉంచుతుంది. క్రమం తప్పక వేసుకొంటే సాధారణంగా ఆరు నెలలలో రక్తపరీక్షకు కూడా చిక్కనంతగా వైరసు తగ్గిపోతుంది. అట్లా తగ్గి నిలిచినంత కాలం భార్యకుగాని భర్తకుగాని లైంగిక సంబంధం వలన కూడా సోకదని వైద్యలోకం నిర్ధారించినది. చికిత్స లేకపోతే తల్లినుండి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుండి 45 వరకు ఉండగా, సరియైన చికిత్సతో అది 5 కంటె తక్కువకు దిగుతుంది. మందు వాడే మనిషి నేయగలడు, సంపాదించగలడు, పిల్లలను పెంచి పెద్దచేయగలడు.

పడుగు కొస పట్టుకొనే చేయి

గుడియాత్తం ప్రాంతపు ఒక సంఘంలో జరిగిన సంగతి చెప్పెదము. ఊరు, వీధి, పేరు చెప్పము. చెప్పరాదు కూడా. ఒక నేతగాడు జబ్బుపడి చనిపోయినాడు. భార్యకు పరీక్ష చేయగా ఆమెకూ హెచ్.ఐ.వి. ఉన్నదని తేలినది. ఇద్దరు పిల్లలకు లేదు. ఆమె మందు మొదలుపెట్టి కోలుకొని మగ్గం ఎక్కినది. కొన్నాళ్లకు ఆమె మందుల పుస్తకం ఎవరో బస్సులో చూసినారు. వారం తిరిగేసరికి వీధి అంతా తెలిసిపోయినది.

ఆమెను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. పడుగు సాగదీసే రోజున ఎవరూ రాలేదు. అంతే. సోదరులారా, వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించే పని ఎట్టిదో మీకు మేము చెప్పనక్కరలేదు. ఒంటరిగా చేసేది కాదు. ఇరుగుపొరుగు నాలుగు చేతులు వేయాలి, తెల్లవారి ఎండ ముదరకముందే ముగించాలి. నేడు మీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు మీరు. ఆ మాటమీదనే మన వీధులు నడచినవి. గంజిపట్టిన పడుగు కొని తెచ్చుకొనేవారు ఇప్పుడు ఎక్కువైనా, ఆ వీధిలో పాత పద్ధతే సాగుతున్నది. మనుషులు రాకపోతే పడుగు లేదు. పడుగు లేకపోతే మగ్గం లేదు. రెండు పడుగులు తప్పినవి, మజూరీ పోయినది.

మరొక కష్టం దీనికి తోడైనది. దగ్గరి కేంద్రంలో ఎవరైనా చూస్తారేమోనని ఆమె దూరపు పట్టణంలోని కేంద్రానికి పోవడం మొదలుపెట్టినది. బస్సు ఖర్చు, ఒక దినం కూలి నష్టం. చేతిలో డబ్బు లేని నెలలో పోలేకపోయినది. మందు ఆగినది. మందు మధ్యమధ్య ఆపితే వైరసు తిరిగి పెరుగుతుంది, ఆ మందుకు లొంగకుండా ముదిరే ప్రమాదమూ కలదు. ఆమె మళ్లీ మంచం పట్టినది. ఆమెను మంచాన పడవేసినది జబ్బేనా? మందు ఉన్నది, మందు పనిచేస్తున్నది. వీధి భయం వలన ఆమెకూ మందుకూ మధ్య దూరం పెరిగినది.

దారి మళ్లించినది ఒక ముసలమ్మ. ఆ వీధిలో అందరికంటె పెద్దది, చదువు లేనిది. ఆసుపత్రి నర్సును అడిగి అంటురోగం కాదని తెలుసుకొన్నదట. ఒక తెల్లవారుజామున ఆ ఇంటి ముందు నిలబడి, "లే అమ్మాయ్, పడుగు తీద్దాం. నూలుకు రోగం లేదే, ఆ కొస నేను పట్టుకొంటాను" అన్నది. "వద్దు పెద్దమ్మా, నిన్ను కూడా వెలివేస్తారు" అని ఆమె ఏడ్చినది. "నన్ను వెలివేస్తే వాళ్ల పిల్లలకు కాన్పులప్పుడు ఎవరు వస్తారో చూస్తా" అని ఆ ముసలమ్మ కొస పట్టుకొన్నది. సిగ్గుపడి ఒక కోడలు వచ్చినది, తరువాత ఇంకొకతె. సంఘం వారు నూలు ఆపకుండా ఇచ్చినారు. దగ్గరి కేంద్రానికి మందు బదిలీ చేయించుకోవచ్చునని సలహాదారు ద్వారా తెలుసుకొని చెప్పినారు. నిలకడగా ఉన్నవారికి రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు కూడా కలదు. ఇప్పుడు ఆమె నేస్తున్నది. వీధి అంతా మారినదని చెప్పలేము. ఆమె ఇంట్లో మంచినీళ్లు పుచ్చుకోనివారు ఇంకా ఉన్నారు. మగ్గం మాత్రం ఆడుతున్నది.

చట్టం ఏమన్నది

1997లోనే బొంబాయి హైకోర్టు ఒక కూలి విషయంలో, మనిషి పని చేయగలిగి ఉండి ఇతరులకు ప్రమాదం లేనప్పుడు హెచ్.ఐ.వి. ఉన్నదన్న ఒక్క కారణంతో పని తీసివేయరాదని తీర్పు చెప్పినది. 2017లో పార్లమెంటు ఇందుకొరకు ప్రత్యేక చట్టమే చేసినది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, ఇల్లు అద్దెకిచ్చుటలో వివక్ష చూపరాదు. మనిషి అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితం ఇతరులకు చెప్పరాదు. కాపురమున్న ఇంటినుండి వెళ్లగొట్టరాదు. వీరిపై ద్వేషం ప్రచారం చేసినవారికి 3 నెలల నుండి 2 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలని కూడా ఆ చట్టం చెప్పినది. సలహా కావలసినవారు 1097 నెంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చును, పేరు చెప్పనక్కరలేదు.

ఐతే పడుగు కొస పట్టుకోమని ఏ చట్టమూ పొరుగువారిని బలవంతపెట్టజాలదు. అది మన మర్యాదకు సంబంధించినది.

సంఘాలకు మా మనవి

"సభ్యులలో ఎవరికి ఉన్నదో మాకు తెలియవద్దా?" అని కొందరు అడుగుతారు. తెలియనక్కరలేదు. కలిసి నేయడంలో ప్రమాదం లేనప్పుడు తెలిసి చేసేదేమి? ఒకవేళ కార్యదర్శికో, పాలకవర్గంలో ఒకరికో తెలిసినట్లయితే, ఆ మాట వారి దగ్గరే ఆగాలి. మినిట్సు పుస్తకంలో వ్రాయరాదు, ఇంట్లో భార్యకైనా చెప్పరాదు.

"ఎట్లా వచ్చినదో?" అని విచారించడం కూడా మానవలెను. మన ఇండ్లలో ఈ జబ్బు మోస్తున్న స్త్రీలలో అనేకులకు అది భర్తనుండి సోకినదే. భర్త పోయిన దుఃఖం మీద నింద కూడా మోపడం న్యాయమా? ఇక భర్తల విషయంలోనైనా, పొట్టకూటికి పరదేశం పోయినవారి తప్పులెంచడానికి మన సంఘాలు పెట్టుకోలేదు.

నూలు, మజూరీ, బోనసు, పొదుపు, పెన్షను దరఖాస్తు, వీటిలో దేనికీ ఈ జబ్బు అడ్డు రారాదు. మందుకు పోయే దినం సరుకు అప్పజెప్పడం ఒకరోజు ఆలస్యమైతే కారణం అడగకుండా ఒప్పుకోవలెను. విడవని దగ్గు, జ్వరం ఉన్న ఏ సభ్యునికైనా క్షయ పరీక్ష చేయించుకోమని చెప్పవలెను. హెచ్.ఐ.వి. ఉన్నవారికి క్షయ త్వరగా సోకుతుంది, క్షయకు కూడా ఉచిత చికిత్స కలదు.

పెండ్లి సంబంధాల మాట కూడా చెప్పక తప్పదు. మనవి చిన్న కులాలు, సంబంధాలు నాలుగూళ్ల మధ్యనే తిరుగుతాయి. ఒక ఇంట్లో అన్నకు జబ్బు ఉన్నదని చెల్లెలి పెండ్లి తప్పిపోవడం మేము ఎరుగుదుము. అన్న జబ్బు చెల్లెలికి ఇంటిగాలితో రాదు. అనుమానమున్న వధూవరులు ఇద్దరూ ఇష్టపూర్వకంగా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా, రహస్యంగా పరీక్ష చేయించుకోవచ్చును. అది ఇరువురికీ సమానమైన మర్యాద. ఒక ఇంటిని వేలెత్తి చూపి తప్పుకోవడం మర్యాద కాదు.

డిసెంబరు 1వ తేదీని 1988 నుండి ప్రపంచ ఎయిడ్స్ దినంగా జరుపుతున్నారు. ఆ దినం సంఘాలు బ్యానరు కట్టి ఊరుకోక, ప్రభుత్వాసుపత్రి సలహాదారును పిలిచి మగ్గాల వీధిలోనే ఒక గంట మాట్లాడించితే మేలు. ఆడవారు వినే వేళకు, అంటే కండెలు చుట్టుకొంటూ కూర్చునే మధ్యాహ్నవేళకు పెట్టించవలెను.

పడుగులో ఒక పోగు తెగితే మనం పడుగు పారవేయము. మగ్గం ఆపి, తెగిన కొసలు వెదకి, ముడివేసి మళ్లీ నేస్తాము. పోగు ఎందుకు తెగినదని దానిని తిట్టము. నూలు పట్ల చూపే ఆ ఓర్పును మన తోటివారి పట్ల కూడా చూపవలెనని యావన్మంది చేనేత కుటుంబాలకు మా మనవి.